మెనోపాజ్‌కు ఈస్ట్రోజెన్ క్రీములు: పలాస, టెక్కలి, ఉద్దానం తీరం

నెలసరి వరుసగా పన్నెండు నెలలు రాకపోతే ఆ స్త్రీ మెనోపాజ్ దశకు చేరినట్టు వైద్యులు లెక్కిస్తారు. అండాశయాల్లో అండాలు అడుగంటి, ఈస్ట్రోజెన్ తయారీ పడిపోవడం దీనికి మూలం. భారతీయ స్త్రీలకు ఇది సగటున 46, 47 ఏళ్లకు వస్తుంది. ఐరోపా, ఉత్తర అమెరికా స్త్రీలకు 51 దగ్గర. తగ్గిపోయిన హార్మోన్‌ను చర్మం మీద జెల్‌గానో, యోనిలో క్రీముగానో తిరిగి అందించడం మెనోపాజ్ బాధలకున్న చికిత్సల్లో బాగా పరీక్షకు నిలిచినది. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో ఈ చికిత్స గురించి మాట్లాడాలంటే రెండు సంగతులు పక్కపక్కన పెట్టుకోవాలి. యాభై ఏళ్లలోపే గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఇక ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఊరూరా ఉంది. మొదటి సంగతి ఈస్ట్రోజెన్ అవసరాన్ని పెంచుతుంది. రెండోది ఏ మందు, ఏ దారిలో, ఎంత మోతాదులో ఇవ్వాలో తేలుస్తుంది.

ప్రాంతం, స్త్రీల పని

జిల్లా ఉత్తర కొసన ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పరుచుకున్న కొబ్బరి, జీడి, పనస తోటల సీమ ఉద్దానం. పలాస–కాశీబుగ్గ జంట పట్టణం జీడిపప్పుకు పేరు. జీడి పిక్కలను ఆవిరికి ఉడికించాక కటింగ్, పీలింగ్, గ్రేడింగ్ చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. బారువ, భావనపాడు, నువ్వలరేవు వంటి తీరపు ఊళ్లలో చేపలు ఎండబెట్టి గంపలకెత్తుకుని అమ్మేదీ వాళ్లే.

ఈ పనులు మెనోపాజ్ లక్షణాలను కప్పేస్తాయి. బాయిలర్ పక్కన, ఎండలో, కట్టెల పొయ్యి ముందు రోజు గడిపే మనిషికి ఒంట్లోంచి ఎగసే ఆవిరి ఏది, బయటి సెగ ఏది అని విడదీసి చెప్పుకోవడం కష్టం. గంటల తరబడి కదలకుండా కూర్చునే పనిలో మూత్రం ఆపుకోవడం, ఆ ఇబ్బంది రాకూడదని నీళ్లు తక్కువ తాగడం అలవాటైపోతాయి. మూత్రంలో మంటకు పని తీరునే కారణంగా చెప్పుకుని ఊరుకుంటారు. ఆ మంటలో ఈస్ట్రోజెన్ లోపానికి ఎంత భాగం ఉందో ఎవరూ అడగరు.

ఆపరేషన్‌తో వచ్చే మెనోపాజ్

2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. 2019–21 సర్వే నాటికి దేశంలో 3.3, ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. అంటే మన రాష్ట్రంలో యాభై ఏళ్లలోపు స్త్రీలలో పదకొండు, పన్నెండు మందికి ఒకరు. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయని, సగానికి పైగా అధిక రక్తస్రావం, కడుపునొప్పి కారణంగా చేశారని 2015–16 సర్వే చెప్పింది. ఆ రెండు బాధలకూ చాలాసార్లు మాత్రలు చాలు. హార్మోన్ విడుదల చేసే లూప్ చాలు.

ఇంత చిన్న వయసులో ఇంతమందికి ఎందుకు? ఈ రాష్ట్రంలో దాదాపు 70 శాతం వివాహిత స్త్రీలు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే, అదీ ఇరవైల్లోనే. పిల్లలు చాలనుకున్నాక గర్భసంచితో పనేముంది అన్న మాట ఇంట్లోనూ, కొన్నిచోట్ల ఆసుపత్రిలోనూ వినిపిస్తుంది. తెల్లబట్ట అవుతోందని వెళ్తే క్యాన్సర్ భయం ఎదురవుతుంది. కూలి పోతుందన్న దిగులు ఒకటి, నెలనెలా ఈ బాధ ఎన్నాళ్లన్న విసుగు ఒకటి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంతో ఆపరేషన్ ఖర్చు భయం తగ్గింది. దాంతో పాటు అవసరం లేని కోతలూ పెరిగాయన్న విమర్శ వచ్చింది. వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ మెదక్ జిల్లా పల్లెల్లో చేసిన అధ్యయనాన్ని 2009లో వెలువరించి ఈ సంగతిని చర్చకు పెట్టారు. తర్వాత ప్రభుత్వం ఈ ఆపరేషన్‌ను పథకం కింద ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేసింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల నివారణకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ కొద్ది రోజుల్లోనే అడుగంటుతుంది. సహజంగా ఏళ్ల తరబడి మెల్లగా జరగాల్సిన మార్పు ఒక్క వారంలో మీద పడుతుంది. ఆవిర్లు, నిద్రలేమి తీవ్రంగా ఉంటాయి. ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు త్వరగా మొదలవుతాయి. అండాశయాలు ఉంచినా మెనోపాజ్ కొన్నేళ్లు ముందుకు జరుగుతుంది. పైగా నెలసరే లేదు కనుక అది ఎప్పుడు వచ్చిందో తెలిపే గుర్తు ఉండదు. ఆపరేషన్ అయిన స్త్రీ డిశ్చార్జి కాగితంలో గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా అన్న సంగతి స్పష్టంగా రాసి ఉండాలి. ఆ కాగితాన్ని ఆమె జీవితాంతం దాచుకోవాలి.

నలభై, నలభై అయిదు ఏళ్లలోపే ఈస్ట్రోజెన్ కోల్పోయిన స్త్రీకి, వద్దనడానికి బలమైన కారణం లేకపోతే, సహజంగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా, అంటే సుమారు యాభై ఏళ్ల వరకు, హార్మోన్ ఇవ్వాలని అంతర్జాతీయ, భారతీయ వైద్య సంఘాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. గర్భసంచి లేనందున, ఆ లోపలి పొరను కాపాడే ప్రొజెస్టరాన్ హార్మోన్‌ను ఆమెకు కలపాల్సిన పని కూడా లేదు. అందరికన్నా ఎక్కువ అవసరం, అందరికన్నా తక్కువ చిక్కు ఉన్నది ఈమెకే. అయినా ఆపరేషన్ తర్వాత ఆమె చేతికి వచ్చేది సాధారణంగా ఇనుము, కాల్షియం మాత్రలే. ఈ వ్యాసం మొత్తంలో పాఠకులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలంటే, ఇది.

లక్షణాలు, పొరపాటు వైద్యం

మెదడులోని హైపోథాలమస్ శరీర వేడిని ఒక హద్దులో ఉంచుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గితే ఆ హద్దు ఇరుకవుతుంది. కొంచెం వేడి పెరిగినా రక్తనాళాలు విప్పారి, ముఖం, మెడ ఎర్రబడి, చెమట ముంచెత్తుతుంది; ఆవిర్లంటే ఇవే. అమెరికాలో జరిగిన దీర్ఘకాల అధ్యయనంలో తరచూ వచ్చే ఆవిర్లు సగటున ఏడేళ్లకు పైగా కొనసాగినట్టు తేలింది. నిద్ర తెగిపోవడం, గుండె దడ, చిరాకు, మతిమరుపు, కీళ్ల నొప్పులు కూడా వస్తాయి. మన దేశపు స్త్రీలు ఆవిర్ల కన్నా ఒళ్లు నొప్పులు, నీరసాన్నే ఎక్కువగా చెప్పుకుంటారని పలు సర్వేలు గమనించాయి.

ఉద్దానానికి ఇది చాలా ముఖ్యం. ఒళ్లు నొప్పులని చెప్పుకుంటే ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర దొరికేది డైక్లోఫెనాక్ సూది, నొప్పి మాత్రలు. ఈ జాతి మందులు కిడ్నీకి రక్త ప్రసరణను తగ్గిస్తాయి. ఇప్పటికే కిడ్నీ దెబ్బతిన్న మనిషికి, ఎండలో నీళ్లు తక్కువ తాగి పనిచేసే మనిషికి అవి నేరుగా హాని. నలభై అయిదేళ్ల స్త్రీ నొప్పులని వస్తే నెలసరి ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, ఆవిర్లు వస్తున్నాయా అని అడగడం ఆమె కిడ్నీని కాపాడే పనే అవుతుంది. థైరాయిడ్, రక్తహీనత కూడా ఇవే బాధలు పెడతాయి కాబట్టి వాటికి పరీక్ష చేయించాలి. నలభై అయిదు దాటి లక్షణాలు స్పష్టంగా ఉన్న స్త్రీకి మెనోపాజ్ నిర్ధారణకు హార్మోన్ పరీక్ష అక్కర్లేదు. నలభైలోపు అయితే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పరీక్ష కావాలి.

యోని పొడిబారడం, మంట, దురద, కలయికలో నొప్పి, మాటిమాటికి మూత్రం రావడం, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు పదేపదే రావడం ఇంకో గుంపు. ఆవిర్లు కాలంతో తగ్గుతాయి. ఇవి తగ్గవు, ఏటేటా పెరుగుతాయి. అన్నిటికన్నా తక్కువగా బయటికి చెప్పుకునేవీ ఇవే.

క్రీము, జెల్

రెండింటినీ జనం క్రీమనే అంటారు గాని, పని వేరు. యోనిలో రాసే క్రీము అక్కడి కణజాలానికి మాత్రమే. మన దేశంలో ఎక్కువగా దొరికేది ఎస్ట్రియోల్ క్రీము, గ్రాముకు 1 మిల్లీగ్రాము మందుతో, 15 గ్రాముల ట్యూబులో. గుర్రాల నుంచి తీసిన కాంజుగేటెడ్ ఈస్ట్రోజెన్ క్రీము కూడా ఉంది. ఇవి యోని పొరను మళ్లీ మందం చేస్తాయి, ఆమ్లత్వాన్ని తిరిగి తెస్తాయి. దాంతో లాక్టోబాసిల్లస్ సూక్ష్మజీవులు పెరిగి, ఇన్ఫెక్షన్ తెచ్చే క్రిములకు చోటు తగ్గుతుంది. 1993లో రాజ్, స్టామ్ అనే వైద్యులు ప్రచురించిన ప్రయోగంలో, మెనోపాజ్ దాటి పదేపదే మూత్ర ఇన్ఫెక్షన్లు వచ్చే 93 మంది స్త్రీలను రెండు గుంపులు చేశారు. ఎస్ట్రియోల్ క్రీము వాడినవారికి ఏడాదికి సగటున 0.5 ఇన్ఫెక్షన్లు, ఉత్తుత్తి క్రీము వాడినవారికి 5.9. ఒక చిన్న ట్యూబు మందు చేయగలిగిన మేలు ఇది. రక్తంలోకి చేరే మోతాదు చాలా తక్కువ కాబట్టి గర్భసంచి ఉన్నవారికి కూడా తోడుగా ప్రొజెస్టరాన్ అవసరం పడదు.

అయితే ఈ క్రీము ఆవిర్లను తగ్గించదు, ఎముకలను కాపాడదు. దానికి ఎస్ట్రాడయాల్ జెల్ కావాలి. చేతి మీదో, తొడ మీదో రాసుకుంటే చర్మం గుండా రక్తంలోకి చేరుతుంది. మాత్రగా మింగిన ఈస్ట్రోజెన్ ముందు కాలేయంలోకి వెళ్లి అక్కడ రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లను పెంచుతుంది. జెల్, చర్మానికి అంటించే ప్యాచ్ ఆ దారి తప్పించుకుంటాయి. ఫ్రాన్సులోనూ బ్రిటన్‌లోనూ జరిగిన పెద్ద పరిశీలనల్లో మాత్రలు వాడినవారికి సిరల్లో గడ్డల ముప్పు పెరిగింది గాని, చర్మం ద్వారా వాడినవారికి పెరగలేదు. బీపీ, ఊబకాయం ఉన్న స్త్రీకి జెల్ మేలనడానికి కారణం ఇదే. గర్భసంచి ఉన్న స్త్రీ జెల్ వాడితే ప్రొజెస్టరాన్ తప్పనిసరి, లేకపోతే గర్భసంచి లోపలి పొర మందమై క్యాన్సర్‌గా మారవచ్చు. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరాన్ రోజూ రాత్రి 100 మిల్లీగ్రాములు, లేదా నెలలో 12 నుంచి 14 రోజులు 200 మిల్లీగ్రాములు ఇవ్వడం వాడుక.

భయం ఎక్కడి నుంచి వచ్చింది

ఈస్ట్రోన్‌ను 1929లో అమెరికాలో డాయిసీ, జర్మనీలో బ్యూటెనాండ్ట్ విడివిడిగా వేరుచేశారు. 1942లో చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ మాత్ర అమెరికా మార్కెట్లోకి వచ్చింది. 1975లో, ఒంటరిగా ఈస్ట్రోజెన్ వాడితే గర్భసంచి పొర క్యాన్సర్ పెరుగుతుందని తేలాక ప్రొజెస్టరాన్ జాతి మందు కలపడం మొదలైంది. 2002 జులైలో అమెరికాలోని విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ ప్రయోగంలో 16,608 మంది ఉన్న విభాగాన్ని మధ్యలో ఆపేశారు. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం కొంచెం పెరిగాయన్న వార్త ప్రపంచమంతా పాకింది. ఆ స్త్రీల సగటు వయసు 63. వాడింది మింగే గుర్రపు ఈస్ట్రోజెన్, దానికి కలిపిన కృత్రిమ ప్రొజెస్టిన్. నలభై అయిదేళ్లకు జెల్ మొదలుపెట్టే స్త్రీకి ఆ ఫలితాన్ని అలాగే అన్వయించడం సరి కాదు.

అదే ప్రయోగంలో గర్భసంచి లేని 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన విభాగమూ ఉంది. పక్షవాతం పెరిగినందున దాన్ని 2004లో ఆపారు. దీర్ఘకాలంలో మాత్రం వారిలో రొమ్ము క్యాన్సర్ తగ్గింది. తుంటి ఎముక విరగడం సుమారు మూడో వంతు తగ్గింది. మన రాష్ట్రంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలకు దగ్గరి పోలిక ఈ విభాగమే. కానీ ఇక్కడి దాకా చేరింది మొదటి విభాగపు భయమే. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల పెట్టెల మీది తీవ్ర హెచ్చరికల్లో చాలావాటిని తొలగించే పనికి పూనుకుంది.

బయోఐడెంటికల్ అన్న పేరు

మన శరీరంలో తయారయ్యే అణువుతో నిర్మాణంలో అచ్చంగా సరిపోయే హార్మోన్‌ను బయోఐడెంటికల్ అంటారు. ఎస్ట్రాడయాల్, ఎస్ట్రియోల్, ప్రొజెస్టరాన్ మూడూ అలాంటివే. సోయా నుంచో, అడవి దుంపల నుంచో తీసిన పదార్థాన్ని ప్రయోగశాలలో మార్చి వీటిని తయారుచేస్తారు. 1940లలో రస్సెల్ మార్కర్ మెక్సికో దుంపల నుంచి ప్రొజెస్టరాన్ తీయడంతో ఇది చవకైంది. దుంప తిన్నా, దాని పొడి రాసుకున్నా శరీరం ఆ మార్పు చేసుకోలేదు.

మన దేశంలో ఆమోదం పొందిన ఎస్ట్రాడయాల్ జెల్, ఎస్ట్రియోల్ క్రీము ఈ కోవలోవే. సహజమని చెప్పి, ఉమ్మి పరీక్ష చేసి, ఒక్కొక్కరికి విడిగా కలిపి అమ్మే క్రీముల సంగతి వేరు. వాటిలో మోతాదు ఒక డబ్బాకూ ఇంకో డబ్బాకూ తేడా రావచ్చు. వాటికి పెద్ద ప్రయోగాల ఆధారం లేదని, వాడకాన్ని పరిమితం చేయాలని అమెరికా జాతీయ అకాడమీలు 2020లో సూచించాయి. చర్మం మీద రాసే ప్రొజెస్టరాన్ క్రీము గర్భసంచి పొరను కాపాడుతుందని నమ్మకూడదు. ఆన్‌లైన్లో తెప్పించుకునే ఇలాంటి డబ్బాలు ఇప్పుడు చిన్న పట్టణాలకూ చేరుతున్నాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

వాడే తీరు

ఎస్ట్రియోల్ క్రీమును సాధారణంగా అర గ్రాము చొప్పున రెండు, మూడు వారాలు రోజూ రాత్రి పడుకునే ముందు, తర్వాత వారానికి రెండుసార్లు వాడతారు. ఆ లెక్కన 15 గ్రాముల ట్యూబు సుమారు రెండు నెలలు వస్తుంది. గుణం తెలియడానికి కొన్ని వారాలు, పూర్తిగా కనిపించడానికి మూడు నెలలు పట్టవచ్చు. పది రోజులు చూసి మానేయడం చాలామంది చేసే పని. మానేస్తే పొడిబారడం మళ్లీ వస్తుంది. బరువులు మోసే స్త్రీలలో గర్భసంచి జారితే రింగు పెట్టే ముందు, పెట్టాక పుండ్లు పడకుండా కూడా ఈ క్రీము వాడతారు.

జెల్‌కు ఈ తీరపు జీవితంలో కొన్ని ప్రత్యేక జాగ్రత్తలు కావాలి. జీడి పిక్కల జిగురు తగిలి కమిలిన, పొక్కిన చర్మం మీద రాయకూడదు. పని ముగించుకుని, స్నానం చేసి, ఒళ్లు ఆరాక భుజానికో, తొడకో రాసుకోవాలి. రొమ్ముల మీద వద్దు. పైన వెంటనే కొబ్బరినూనె పట్టించకూడదు. జెల్‌లో ఆల్కహాల్ ఉంటుంది, ఆరేదాకా మండుతుంది కాబట్టి పొయ్యికి, దీపానికి దూరంగా ఉండాలి. ఆరాక బట్ట కప్పుకోవాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మనవలను ఎత్తుకునే చేతులవి. ఆ మందు పసిపిల్లల ఒంటికి అంటితే వాళ్లలో వయసుకు ముందే రొమ్ములు పెరగడం వంటి మార్పులు వస్తాయి.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవారు, గుండెపోటు, పక్షవాతం, రక్తపు గడ్డలు వచ్చినవారు, కాలేయం తీవ్రంగా దెబ్బతిన్నవారు జెల్ వాడకూడదు. రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందినవారు యోని క్రీముకైనా క్యాన్సర్ వైద్యుల మాట తీసుకోవాలి. మెనోపాజ్ దాటాక ఒక్కసారి రక్తం కనబడినా, మరకే అయినా, స్కానింగ్ చేయించాలి. స్త్రీవైద్య నిపుణుల కోసం ఈ ప్రాంతపు వారు టెక్కలి ప్రభుత్వాసుపత్రికి, శ్రీకాకుళం, విశాఖపట్నాలకు, ఇచ్ఛాపురం వైపువారు ఒడిశాలోని బరంపురానికి వెళ్తుంటారు. ఊళ్లో ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు మెనోపాజ్ గురించి రెండు ప్రశ్నలు అడగడం నేర్పితే ఈ ప్రయాణాల్లో ఎన్నో ముందుగానే మొదలవుతాయి.

కిడ్నీ జబ్బు ఉన్న స్త్రీకి

ఉద్దానంలో పెద్దవారిలో సుమారు ఐదో వంతు మందికి దీర్ఘకాల కిడ్నీ జబ్బు ఉన్నట్టు 2019, 2020లలో ప్రచురితమైన సర్వేలు చూపాయి. చాలామందిలో షుగరు, బీపీ వంటి తెలిసిన కారణం ఏదీ లేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి; హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకమూ అదే రోజు మొదలైంది.

కిడ్నీ జబ్బు ముదిరిన స్త్రీలకు నెలసరి క్రమం తప్పి, మెనోపాజ్ ముందుగా వస్తుంది. డయాలసిస్ మీద ఉన్న స్త్రీ మెనోపాజ్ బాధలను కూడా ఆ జబ్బు ఖాతాలోనే వేసుకుంటుంది. ఆమెకు యోని ఎస్ట్రియోల్ క్రీము ఒంటికి పెద్దగా చేరని మందు, సాధారణంగా వాడుకోదగ్గది. పదేపదే ఇన్ఫెక్షన్లు రాకుండా చూడటం ఆమెకు మరీ అవసరం, ఎందుకంటే మూత్ర ఇన్ఫెక్షన్‌కు మామూలుగా రాసే నైట్రోఫురాన్టోయిన్ కిడ్నీ బాగా దెబ్బతిన్నాక పనిచేయదు, హాని కూడా చేస్తుంది. ఒంటికంతటికీ ఈస్ట్రోజెన్ కావాల్సి వస్తే మాత్రల కన్నా జెల్, ప్యాచ్ మేలు. కిడ్నీ వైఫల్యంలో మింగిన ఎస్ట్రాడయాల్ రక్తంలో మామూలు కన్నా ఎక్కువ నిలుస్తుంది కనుక తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. ముందు బీపీ అదుపులోకి రావాలి.

హార్మోన్ వద్దనుకుంటే ఉన్న మందులకూ ఇక్కడ చిక్కులున్నాయి. ఆవిర్లకు వాడే గాబాపెంటిన్ కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది. మోతాదు తగ్గించకపోతే మగత, తూలిపడటం, అయోమయం వస్తాయి. 2023లో అమెరికాలో ఆమోదం పొందిన ఫెజోలినెటాంట్ హైపోథాలమస్ మీద నేరుగా పనిచేసే మందు. కిడ్నీ తీవ్రంగా దెబ్బతిన్నవారికి అది నిషిద్ధం. ఎముకలకు ఇచ్చే బిస్ఫాస్ఫోనేట్లకూ కిడ్నీ పనితీరు హద్దు ఉంది. పేరు తెలియని వేర్ల కషాయాలు, భస్మాలు ఈ తీరంలో అసలే వద్దు. మెనోపాజ్ మందు రాసే ముందు క్రియాటినిన్ పరీక్ష, బీపీ చూడటం, డిశ్చార్జి కాగితంలో గర్భసంచి, అండాశయాల సంగతి చదవడం, ఈ మూడూ ఉద్దానం స్త్రీకి ఒకే రోజున, ఒకే చోట జరగాలి.